ఆటల గంటా, పాఠాల గంటా

సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తిరిగి తెరిచేసరికి పదవ తరగతి టైంటేబిలులో చడీచప్పుడూ లేకుండా ఒక మార్పు జరుగుతుంది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే ఆటల పీరియడు గోడమీది కాగితంలో ఎప్పటివలెనే వుంటుంది. కాని ఆ గంట కొట్టగానే తరగతిలోకి వచ్చేది వ్యాయామోపాధ్యాయుడు కాదు. లెక్కల మాస్టారో, భౌతికశాస్త్రం టీచరో సుద్దముక్కతో వస్తారు. పిల్లలు ఒక్కసారి కిటికీలోంచి మైదానంవంక చూసి పుస్తకాలు తీస్తారు. దీన్ని ఎవరూ తప్పుగా భావించరు. పరీక్షలు దగ్గరపడ్డాయి, సిలబసు మిగిలివున్నది, ఆట ఎప్పుడైనా ఆడుకోవచ్చు అని అందరూ సమాధానపడతారు. తలిదండ్రులైతే సంతోషిస్తారు కూడా.

ఈ సమాధానంలో ఒక లెక్క దాగివున్నది. ఆటలోనుంచి తీసిన గంట చదువు ఖాతాలో జమ అవుతుందని ఆ లెక్క. పైకి చూస్తే ఇది రెండురెళ్లు నాలుగు అన్నంత స్పష్టంగా కనిపిస్తుంది. కాని శరీరంలో జరిగే పనులు ఇంత సూటిగా వుండవు. పరుగెత్తే పిల్లవాడికీ, పాఠం వినే పిల్లవాడికీ గుండె ఒకటే, నెత్తురు ఒకటే. అందుచేత ఈ లెక్క సరియైనదో కాదో అభిప్రాయాలతో తేల్చేది కాదు, కొలిచి చూడవలసినది. డెబ్బది సంవత్సరాలకు పైగా వేర్వేరు దేశాలలో కొలిచి చూస్తూనే వున్నారు.

కండబలమా, దమ్మా?

విశాఖపట్టణం బీచి రోడ్డులో కోడి రామమూర్తినాయుడుగారి విగ్రహం వున్నది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత సర్కసు పెట్టి, ఛాతీకి బిగించిన ఇనుపగొలుసులను ఊపిరి బిగబట్టి తెంచటం వంటి ప్రదర్శనలతో దేశమంతటా పేరు పొందారు. వ్యాయామమంటే మనవాళ్ల మనస్సులో ఇప్పటికీ మెదిలేది ఈ చిత్రమే: తాలింఖానా, దండీలు, బస్కీలు, మెలితిరిగిన కండలు. ఇది గొప్ప విషయమే గాని, శరీర దారుఢ్యం అనే మాటలో వున్న అర్థాలలో ఇది ఒకటి మాత్రమే.

శరీర శాస్త్రజ్ఞులు దారుఢ్యాన్ని కొన్ని పాళ్లుగా విడదీసి కొలుస్తారు. ఒకేసారి ఎంత బరువు ఎత్తగలరన్నది కండబలం. నడుమూ కీళ్లూ ఎంత వంగుతాయన్నది ఒకటి. ఒంటిలో క్రొవ్వు పాలు ఎంతన్నది మరొకటి. వీటన్నిటికంటె వేరైనది, గుండె ఊపిరితిత్తులు కలిసి ఎక్కువసేపు ఎడతెగకుండా కండరాలకు ప్రాణవాయువును అందించగలగటం. దీన్నే వాడుకలో దమ్ము అంటాము. మైదానంచుట్టూ మూడు చుట్లు ఆగకుండా పరుగెత్తి, రెండు నిమిషాలలో మామూలు ఊపిరికి వచ్చే పిల్లకు దమ్మున్నదంటాము. చెడుగుడు ఆటలో కూత ఆపకుండా అవతలి గీత దాకా పోయి తిరిగిరావటం దమ్ముకు పెట్టిన పరీక్షే.

ఈ విడదీయటం ఎందుకు అవసరమో 2007లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపింది. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో మూడవ, అయిదవ తరగతులు చదివే 259 మంది పిల్లలకు ఈ పరీక్షలన్నీ పెట్టి, వారి లెక్కల మార్కులతోను, పఠన పరీక్ష మార్కులతోను పోల్చి చూశారు. దమ్ము ఎక్కువ వున్న పిల్లలకు సగటున మార్కులు ఎక్కువ వచ్చాయి. ఎత్తుకు మించిన బరువున్న పిల్లలకు కొంత తక్కువ వచ్చాయి. కండబలానికి, ఒళ్లు వంగటానికి మార్కులతో సంబంధమేమీ కనిపించలేదు.

హైస్కూలు విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. రెండు విషయాలు కలిసి కనిపించినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని చెప్పలేము. దమ్మున్న పిల్లలు బాగా తిండి తినే ఇళ్లనుంచి వచ్చివుండవచ్చు. ఆ ఇళ్లలోనే పుస్తకాలు, చదువుకున్న తలిదండ్రులు, వేళకు నిద్ర వుంటాయి. మార్కులు రావటానికి కారణం అవే అయి, దమ్ము కేవలం వాటి వెంట వచ్చిన నీడ కావచ్చు. ఇది తేలాలంటే పరిశీలన ఒక్కటే చాలదు, ప్రయోగం చేయాలి. ఒకే రకం పిల్లలను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి ఆట పెంచి, రెండవ భాగాన్ని యథాతథంగా వుంచి చూడాలి.

మూడు ప్రయోగాలు

ఇటువంటి ప్రయత్నాలలో మొదట పేరొందినది 1950 ప్రాంతంలో పారిస్ పొలిమేరలోని వాన్వ్ అనే చిన్న పట్టణంలో జరిగింది. డాక్టర్ మాక్స్ ఫూరెస్త్యే అనే బడి వైద్యుడు ఒక తరగతికి ఉదయంపూట మాత్రమే పాఠాలు చెప్పించి, మధ్యాహ్నమంతా వ్యాయామానికి, ఈతకు, ఆరుబయటి ఆటలకు, విశ్రాంతికి కేటాయింపజేశాడు. పాఠాల కాలం బాగా తగ్గినా పరీక్షలలో ఆ తరగతి మిగతావాటికి తీసిపోలేదు. అయితే ఇది చిన్న ప్రయోగం; డాక్టరుగారి ఉత్సాహం పిల్లలకు ఎంత అంటిందో చెప్పలేము.

రెండవది కెనడాలోని త్రువా రివియేర్ పట్టణంలో 1970 నుంచి 1977 వరకు జరిగింది. 546 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలను తీసుకున్నారు. ప్రయోగానికి ఎన్నుకొన్న తరగతుల పిల్లలకు రోజూ ఒక గంట వ్యాయామం, అది కూడా శిక్షణ పొందిన ఉపాధ్యాయులచేత. ఈ గంట ఆకాశంనుంచి వూడిపడలేదు. పాఠాల కాలంలోనుంచే నూటికి 13, 14 వంతులు కోసి తెచ్చారు. ఒకటవ తరగతిలో మామూలు పద్ధతిలో చదివిన పిల్లలే ముందున్నారు. కాని పై తరగతులకు వెళ్లేకొద్దీ వ్యాయామం ఎక్కువ చేసిన పిల్లలు వారిని అందుకొని, కొంచెం దాటిపోయారు కూడా. మన లెక్కల మాస్టారి లెక్క ప్రకారం ఇట్లా జరగకూడదు.

మూడవది ఇలినాయ్ పరిశోధకులదే. 7 నుంచి 9 ఏళ్ల వయస్సుగల 221 మంది పిల్లలను చీట్లు తీసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టు తొమ్మిది నెలలపాటు బడి వదిలిన తరువాత రోజూ ఆటలలో పాల్గొన్నది. రెండవ జట్టు తన వంతుకోసం వేచివున్నది. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఇక్కడ కొలిచినది మార్కులను కాదు, ఏకాగ్రతను. అటువంటి పరీక్ష ఒకటి ఎవరైనా నల్లబల్లమీద పెట్టి చూడవచ్చు. అయిదు చేపలను వరుసగా గీయాలి. నడిమి చేప ఏ వైపు చూస్తున్నదో వెంటనే చెప్పాలి. అన్ని చేపలూ ఒకే వైపు చూస్తుంటే సులువు. ప్రక్కనున్న నాలుగూ కుడివైపు, నడిమిది ఎడమవైపు చూస్తుంటే మనస్సు తడబడుతుంది. ప్రక్కవాటిని పట్టించుకోకుండా కావలసినదానిమీదనే దృష్టి నిలపటం అనే శక్తికి ఇది కొలబద్ద. తొమ్మిది నెలల తరువాత ఆటల జట్టు పిల్లలు ఈ తడబాటును ఎక్కువగా జయించగలిగారు.

అంతకుముందు 2009లో అదే పరిశోధకులు మరొక చిన్న విషయం చూపారు. సుమారు తొమ్మిదిన్నరేళ్ల పిల్లలు 20 మందిని 20 నిమిషాలపాటు వడిగా నడిపించి, తరువాత ఈ రకం పరీక్ష పెడితే, వూరికే కూర్చున్న రోజుకంటె తప్పులు తగ్గాయి. చదివినదాన్ని అర్థం చేసుకోవటం మెరుగైంది. తొమ్మిది నెలలు కాదు, ఇరవై నిమిషాలు. ఆటల పీరియడు తరువాత పిల్లలు చెవికెక్కించుకోరని నమ్మే ఉపాధ్యాయులు ఈ ఫలితాన్ని తమ తరగతిలో ఒకసారి పరీక్షించి చూడవచ్చు. కాళ్లూచేతులూ కడుక్కొని మంచినీళ్లు త్రాగటానికి అయిదు నిమిషాలు ఇచ్చిన తరువాత సుమా!

ఇంతమాత్రాన ఆడినవారికల్లా ర్యాంకులు వస్తాయని చెప్పటం కుదరదు. ఇటువంటి ప్రయోగాలన్నిటిలోను మార్కులు పెరగలేదు. కొన్నింటిలో తేడా స్వల్పం, కొన్నింటిలో లేనేలేదు. అన్నిటినీ కలిపి చూస్తే నిలిచే మాట ఒకటే: వ్యాయామానికి ఇచ్చిన గంటవల్ల చదువు చెడలేదు, ఏకాగ్రతకు ఎంతో కొంత మేలు జరిగింది. టైంటేబిలు వేసేవారికి ఈ మాట చాలును. ఆటలనుంచి లాక్కున్న గంట చదువు ఖాతాలో జమపడుతుందనే నమ్మకానికి ఆధారం లేదు.

పరుగెత్తలేని పిల్ల సోమరి కాదు

అయితే ఇందులో ఒక చిక్కు వున్నది. వ్యాయామం మంచిదని తెలిసిన మరునాడే ఉపాధ్యాయుడు ఈల పట్టుకొని అందరినీ పరుగెత్తిస్తే, పదిమందిలో ముగ్గురు నలుగురు సగంలోనే కూలబడతారు. వారిలో ఆడపిల్లలు ఎక్కువగా వుంటారు. వీరిని సోమరులని కసరటం మామూలు. వీరిలో చాలామంది విషయంలో లోపం మనస్సులో లేదు, నెత్తురులో వున్నది.

నెత్తురుకు ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ అనే పదార్థం ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని కండరాలకు, మెదడుకు చేరవేస్తుంది. ఒక్కొక్క గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 13 గ్రాములున్న పిల్లకు 17 మిల్లీలీటర్లకు పైగా ప్రాణవాయువు అందుతుంది. 9 గ్రాములే వున్న పిల్లకు 12 మాత్రమే. అంటే దాదాపు మూడవవంతు తగ్గిపోయింది. ఆ లోటు తీర్చటానికి గుండె మరింత వేగంగా కొట్టుకోవాలి. ఒక పిల్లకు నడక అయినది రెండవ పిల్లకు పరుగంత శ్రమ అవుతుంది. మెట్లెక్కినా ఆయాసం, మధ్యాహ్నం మూడింటికే కళ్లు మూతలు పడటం, పాలిపోయిన కనురెప్పలు, ఇవన్నీ ఈ లోటుకు గుర్తులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 100 మిల్లీలీటర్ల నెత్తురులో 12 గ్రాములకు తక్కువ హీమోగ్లోబిన్ వుంటే రక్తహీనత వున్నట్లే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తంమీద 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలలో నూటికి 59 మంది, మగపిల్లలలో నూటికి 31 మంది రక్తహీనులని తేలింది. తరగతిలో ముప్పైమంది ఆడపిల్లలుంటే సగంమందికి పైగా అన్నమాట. ఇది జబ్బుపడ్డ కొందరి సంగతి కాదు, మామూలు తరగతి గది సంగతి.

మెదడుకు ఈ లోటు మరింత బరువు. పెద్దవారిలో మెదడు ఒంటి బరువులో యాభయ్యవ వంతే అయినా, శరీరం ఖర్చుపెట్టే శక్తిలో అయిదవ వంతు తీసుకుంటుంది. పిల్లలలో ఈ వాటా ఇంకా ఎక్కువ. అయిదేళ్ల ప్రాయంలో, విశ్రాంతిగా వున్నప్పుడు శరీరం వాడే శక్తిలో మూడింట రెండు వంతులు మెదడుకే పోతుంది. అదిగాక ఇనుము నెత్తురుకే కాక నేరుగా మెదడుకు కూడా కావాలి. నాడీతంతువులకు పైపూత ఏర్పడటంలోను, డోపమైన్ వంటి రసాయనాల తయారీలోను దానికి పని వున్నది. అందుకనే రక్తహీనత పైకి కనిపించక ముందే ఇనుము లోటు చదువుకు అడ్డం రావచ్చు. 1996లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, రక్తహీనత లేకపోయినా ఒంటిలో ఇనుము నిల్వలు తగ్గిన హైస్కూలు బాలికలకు ఎనిమిది వారాలపాటు ఇనుము మాత్రలు ఇచ్చి చూశారు. మాటలను విని జ్ఞాపకం పెట్టుకొనే పరీక్షలో, ఉత్తుత్తి మాత్రలు మింగినవారికంటె వీరు మెరుగయ్యారు.

మన బడులలో ఈ మందు ఇప్పటికే వున్నది. పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొకసారి నీలిరంగు ఇనుము మాత్ర, చిన్నపిల్లలకు గులాబీరంగు మాత్ర ఇవ్వాలని ప్రభుత్వ పథకం. చిక్కంతా మింగించటంలోనే. ఖాళీ కడుపున వేసుకొంటే వికారం పుడుతుంది. మలం నల్లగా వస్తుంది. పిల్లలు బెదిరి మరుసటి వారంనుంచి మాత్రను కిటికీలోంచి విసిరేస్తారు. మధ్యాహ్న భోజనం తరువాత, టీచరు ఎదుట, నల్లగా రావటం ప్రమాదం కాదని ముందే చెప్పి ఇస్తే ఈ వృథా చాలావరకు తగ్గుతుంది. మాత్రకు ముందూ వెనుకా గంటసేపు టీ త్రాగకూడదు. టీలోని వగరు పదార్థాలు ఇనుమును ఒంటపట్టనీయవు. నిమ్మ, జామ, ఉసిరి తోడైతే ఇనుము బాగా ఒంటపడుతుంది.

పురుగుల సంగతి కూడా చూడాలి. చెప్పులు లేకుండా తడినేలమీద తిరిగే పిల్లల పాదాలగుండా కొంకిపురుగుల పిల్లలు లోనికి జొరబడి, ప్రేవులకు చేరి నెత్తురు త్రాగుతాయి. 2015 నుంచి ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో బడులలో ఆల్బెండజోల్ మాత్ర పంచుతున్నారు. దీనివల్ల మార్కులు పెరుగుతాయా అన్నది శాస్త్రజ్ఞులలో తగవుగానే వున్నది. కెన్యా దేశపు బడులలో చేసిన పరిశోధన 2004లో వెలువడింది. మందు ఇచ్చిన బడులలో గైరుహాజరు నాలుగవ వంతు తగ్గింది గాని పరీక్షల మార్కులు మారలేదు. బడికి రావటం చదువుకు తొలిమెట్టు కాబట్టి ఆ మేలును తక్కువగా చూడనక్కరలేదు.

మధ్యాహ్న భోజనం సంగతి చాలామందికి తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ బడులలో 2003 నుంచి వండిన భోజనం పెడుతున్నారు. 2024 నుంచి ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరునుంచి ఎనిమిది తరగతులవారికి 700 కేలరీలు, 20 గ్రాములు వుండాలని జాతీయ నియమం. అన్నం, పప్పుతోపాటు గ్రుడ్డు, వేరుశనగ చిక్కి, 2023లో రాగిజావ చేరాయి. రాగులు, అంటే మన ఉత్తరాంధ్ర చోళ్లు, ఇనుముకు పెట్టింది పేరని చాలామంది అనుకుంటారు. వాటిలో దండిగా వున్నది కాల్షియం, 100 గ్రాములలో సుమారు 360 మిల్లీగ్రాములు. అది ఎముకకు బలం. ఇనుముకు మాత్రం పప్పులు, ఆకుకూరలు, మాంసం, చేప కూడా కావాలి. సముద్రపుటొడ్డున నెత్తళ్లు ఎండబెట్టే పేటల పిల్లలు ఈ విషయంలో కొంత అదృష్టవంతులనాలి. మాంసం, చేపలలోని ఇనుము ఆకుకూరలలోని ఇనుముకంటె సులువుగా ఒంటపడుతుంది.

విశాఖలో ఎక్కడ, ఎప్పుడు పరుగెత్తాలి?

విశాఖపట్టణంలో పిల్లలను ఆడించటానికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది ఉక్క. పనిచేసే కండరం తాను వాడుకున్న శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడి. ఆ వేడిని వదిలించేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైపోతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటినుంచి తొలగిపోతుంది. ఆవిరైతేనే సుమా! కారి నేలపాలైన చెమటవల్ల చల్లదనం లేదు. తీరప్రాంతపు గాలిలో తేమ నిండుగా వుంటుంది గనుక చెమట ఆరదు. అందుచేత అదే ఎండ కర్నూలులో కంటె ఇక్కడ పిల్లల గుండెకు ఎక్కువ భారం. మార్చి దాటిన తరువాత పదింటినుంచి నాలుగింటివరకు పరుగులు పెట్టించకపోవటమే మేలు. ఉదయపు మొదటి పీరియడు, సాయంకాలం సముద్రపుగాలి తిరిగిన వేళ అనుకూలం.

రెండవది దుమ్ము. 1933లో ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ వూరికి అన్నం పెట్టాయి. వాటితోపాటు బొగ్గు, ముడిఇనుము రాశుల దుమ్ము, లారీల పొగ కూడా వచ్చాయి. పాతవూరు కైలాసకొండకు, యారాడ కొండకు నడుమ గిన్నెలాగా అమరివుండటంచేత గాలి సులువుగా బయటికి పోదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో గాలి మెరుగుపడవలసిన నగరాల జాబితాలో విశాఖ కూడా చేరింది. కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీల్చే బాలుడు గట్టిగా పరుగెత్తేటప్పుడు ఎనిమిది పది రెట్లు పీలుస్తాడు. దుమ్ము కూడా అన్ని రెట్లు లోనికి పోతుంది. రద్దీ రోడ్డుకు ఆనుకొన్న మైదానమైతే పరుగులను ఆ అంచునుంచి దూరంగా లోపలి ప్రక్కకు జరపాలి. ఉబ్బసమున్న పిల్లల పేర్లు వ్యాయామోపాధ్యాయుని దగ్గర వుండాలి.

అసలు మైదానమే లేని బడుల మాటేమిటి? ప్రతి బడికి ఆటస్థలం వుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఉక్కునగరంవంటి ప్రణాళికతో కట్టిన నివాసాలలో ఇది కష్టం కాదు. వూరి నడుమ అంతస్తుల భవనాలలో నడిచే ప్రయివేటు బడులలో పిల్లలకు దొరికేది వరండా, మేడమీది సిమెంటు గచ్చు మాత్రమే. అయితే దమ్ము పెరగటానికి పెద్ద మైదానం తప్పనిసరి కాదు. తొక్కుడుబిళ్ల, ఖోఖో, తాడాటలకు చిన్న చోటు చాలును. సముద్రతీరంలో ఎవరికీ అద్దె కట్టనక్కరలేని ఇసుక వున్నది. మెత్తని ఇసుకలో పరుగెత్తటానికి గట్టినేలమీదకంటె ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. కనుక అక్కడ పావుగంట ఆడినా తక్కువ కాదు. అలలకు మాత్రం దూరంగానే!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు వొళ్లు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్లవారిలో నూటికి 81 మంది ఈ గీతకు చేరలేదు. ఆడపిల్లలు మరీ వెనుక. రజస్వల అయిన తరువాత ఆట మాన్పించటం మన ఇళ్లలో వింత కాదు. విశాఖలో పుట్టి, పోర్టు హైస్కూలులో చదివిన యర్రాజి జ్యోతి పొడవును గమనించి హర్డిల్సుకు పనికివస్తుందని తలచినవారు ఆ బడి వ్యాయామోపాధ్యాయులే. ఆమె 2023లో బాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్ పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును 13.09 సెకండ్లలో ముగించి బంగారు పతకం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్సులో ఆ పందెంలో పాల్గొన్న తొలి భారతీయురాలు అయింది. ఆ బడిలో ఆటల పీరియడును వేరే పాఠానికి వాడుకొనివుంటే ఆ పొడవు ఎవరి కంటా పడివుండేది కాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఖర్చులేకుండా దమ్మును కొలిచే ఉపాయం నాడి. ముప్పై సెంటీమీటర్ల ఎత్తు మెట్టు, సెకండ్ల ముల్లున్న గడియారం వుంటే చాలు. మొదట అయిదు నిమిషాలు కదలక కూర్చున్న పిల్లవాడి మణికట్టువద్ద నాడిని ఒక నిమిషం లెక్కించి వ్రాసుకోవాలి. తరువాత నిమిషానికి 24 సార్లు చొప్పున మూడు నిమిషాలు మెట్టు ఎక్కి దిగాలి. ఆగి కూర్చున్న వెంటనే అర నిమిషం, ఒక నిమిషం గడిచాక అర నిమిషం, రెండు నిమిషాలు గడిచాక అర నిమిషం నాడి లెక్కించి, ఒక్కొక్క లెక్కను రెండుతో హెచ్చించి గళ్లకాగితంమీద గుర్తించాలి. దమ్మున్నవారి గీత నిటారుగా క్రిందికి దిగుతుంది. లేనివారిది మెల్లగా వాలుతుంది. వారానికి నాలుగు రోజులు ఆట సాగించి, ఎనిమిది వారాల తరువాత మళ్లీ గీస్తే రెండు గీతల తేడా పిల్లలకే కనిపిస్తుంది. జ్వరంగా వున్నవారు, గుండెజబ్బు, ఉబ్బసం వున్నవారు గడియారం చూసే పని తీసుకోవాలి.

ఒకరి గీతను మరొకరి గీతతో పోల్చి చదవకూడదు. పుట్టుకతో వచ్చే తేడాలు ఇందులో చాలా వున్నాయి. ఎవరి గీత వారి పాతగీతతోనే పోల్చాలి. పరుగును శిక్షగా వాడటం కూడా మానాలి. హోంవర్కు తేనందుకు మైదానంచుట్టూ పరుగెత్తిన పిల్లవాడు ఆటను ఇష్టపడతాడని ఆశించటం వేపచెట్టు నాటి మామిడిపళ్లకు ఎదురుచూడటమే.

ఈ గీతలో ఉపాధ్యాయుడు ముఖ్యంగా వెదకవలసినది మొదటి స్థానం ఎవరిదని కాదు. తరగతిలో అందరికీ దిగిన నాడి ఒక పిల్లకు రెండు నిమిషాల తరువాత కూడా 130 దగ్గరే నిలిచివుంటే, ఎనిమిది వారాల ఆట తరువాత కూడా ఆ గీత కదలకపోతే, ఆమె పేరు ప్రక్కన ఒక గుర్తు పెట్టాలి. ఆ పిల్లను పరుగెత్తించటం తాత్కాలికంగా ఆపి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హీమోగ్లోబిన్ పరీక్ష చేయించమని ఇంటికి కబురుపెట్టాలి. నీలి మాత్ర ఇచ్చిన తేదీలు, పురుగుల మందు తేదీ, హీమోగ్లోబిన్ అంకె, నాడి గీత, నెలపరీక్షల మార్కులు ఒకే పుటలో వ్రాసిపెడితే, సంక్రాంతి తరువాత ఆటల పీరియడు ఎవరికి ఇవ్వాలన్న తగవు స్టాఫ్‌రూములో వచ్చినప్పుడు ఆ పుట తెరిచి చూపవచ్చు.